చెప్పుల దగ్గర మా బాపు

మా బాపు గురించి గొప్పలు చెప్పడం మొదలుపెడితే నేను ఆగను. ముందే చెబుతున్నాను, వినే ఓపిక లేనివాళ్ళు చాంద్రాయణగుట్ట చౌరస్తాలో దిగిపోవచ్చు. నేను సిటీ బస్సు కండక్టర్‌ని, పేరు స్వరూప. పన్నెండేళ్ళ సర్వీసు. నా గొంతు ముందు తలుపు దగ్గర లేస్తే వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి వినిపిస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదో కాదో గానీ పెద్దది మాత్రం నిజం.

మా బాపు పేరు ప్రకాశం. కరెంటు లైన్‌మన్‌గా ఉప్పుగూడ, ఛత్రినాక గల్లీల్లో ముప్పై నాలుగేళ్ళు స్తంభాలెక్కి రిటైరయ్యాడు. వానాకాలంలో లైట్లు పోతే జనం ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్ళు కాదు, మా ఇంటి తలుపు కొట్టేవాళ్ళు. "ప్రకాశం భాయ్, లైట్ గయీ!" అని ఒకరు, "ప్రకాశమన్నా, జర చూడే" అని ఒకరు. అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాడు. కాసేపటికి గల్లీ అంతా ఒక్కసారి వెలిగేది, పిల్లలందరూ "హే" అని అరిచేవాళ్ళు. ఆ అరుపు మా బాపుకే అనుకునేదాన్ని నేను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కాకి పిల్ల కాకికి ముద్దంటారు, మా ఇంట్లో కాకే పిల్లకు ముద్దు. అమ్మ పోయి పదిహేనేళ్ళు. అప్పటినుంచి నన్ను అమ్మా నాన్నా తానే అయి చూసుకున్నాడు.

రైల్వే స్టేషన్ వెనక గల్లీలో మా సంఘం, అంటే మా చర్చి, ఉంది. ఒక్క హాలు, నేల మీద చాపలు. అందరం చెప్పులు బయట విడిచి లోపలికి వెళతాం. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసు మరణాన్ని తలుచుకుని అందరం రొట్టె, రసం తీసుకుంటాం. రొట్టె, ద్రాక్షరసం మీద తెల్లగుడ్డ కప్పి ఉంచుతారు. ఆ గుడ్డ తీసేముందు మా పాస్టరు డానియేలు అయ్యగారు, "ఎవరిని వారు పరీక్షించుకోండి" అంటారు. హాలంతా నిశ్శబ్దమవుతుంది. సరిగ్గా ఆ క్షణానే మా బాపు చప్పుడు కాకుండా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. వెళ్ళి చెప్పులు సర్దేవాడు.

ఊరికే సర్దడం కాదు. ఒక్కో జతా వెతికి కలిపి, ముసలివాళ్ళవి మెట్టు పక్కన, పిల్లలవి గోడ వెంబడి, అన్నీ మొహాలు బయటికి తిప్పి పెట్టేవాడు. బయటికొచ్చినవాళ్ళు కాలు పెడితే చాలు. వాన పడితే రేకు కిందికి జరిపి, తన తువ్వాలుతో తుడిచేవాడు. పదకొండేళ్ళు, ఒక్క నెల తప్పకుండా.

"నువ్వు బల్ల ఎందుకు తీసుకోవు బాపూ?" అని అడిగాను, మొదట్లో.

"ఎవరన్న చూడాలె గద బిడ్డా. కుక్కలు ఎత్కపోతున్నయ్," అన్నాడు.

అది అబద్ధం కూడా కాదు. పాస్టరమ్మగారి కొత్త చెప్పు ఒకటి కుక్క నోట్లో స్టేషన్ దాకా వెళ్ళింది. కాబట్టి ఎవరూ మళ్ళీ అడగలేదు. పైగా పొగడడం మొదలుపెట్టారు. "ప్రకాశమన్న తగ్గింపు చూడండి, ఎంత వినయమో" అనేవాళ్ళు. అయ్యగారు ప్రసంగంలో రెండుసార్లు ఆయన్ని ఉదాహరణగా చెప్పారు. ఆ రెండుసార్లూ నేను చాప మీద కొంచెం ఎత్తుగా కూర్చున్నాను.

ఇక్కడ బీరయ్య సంగతి చెప్పాలి. మా గల్లీ చివర బర్రెలున్న ఇల్లు ఆయనది. పదకొండేళ్ళ కింద బాపు దగ్గర హెల్పరుగా, కంట్రాక్టు మీద పనిచేసేవాడు. బోనాల ముందు రోజు ఛత్రినాకలో తీగ తెగింది. బీరయ్య స్తంభం మీదున్నాడు, బాపు కింద స్విచ్ దగ్గరున్నాడు. లైను మీదికి కరెంటొచ్చింది. బీరయ్య బతికాడు గానీ కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. పని అయిపోయి కిందికి దిగిన మనిషి, మళ్ళీ ఎవరికీ చెప్పకుండా ఎక్కాడని ఎంక్వైరీలో తేలింది. ఉద్యోగం పోయింది. మళ్ళీ తండ్రి బర్రెల దగ్గరికే చేరాడు, ఒంటి చేత్తో పాలు పిండడం నేర్చుకున్నాడు. ఆ రోజు నుంచి మా బాపుతో మాట్లాడలేదు. మా ఇంటికి పాలు పోయలేదు, మేం పాకెట్ పాలకు మారాం.

తప్పు తనదే పెట్టుకుని మా బాపు మీద అలగడమేమిటని నాకు మండిపోయేది. ఒకసారి నల్లా దగ్గర బిందెల వరసలో ఆయన భార్య సత్తెమ్మ ఏదో అంటే నేను ఊరుకోలేదు. "చెప్పకుంట ఎక్కితే చెయ్యి పోక ఏమైతది? మా బాపును అననీకి నీకు నోరెట్లొస్తుందక్కా?" అన్నాను. గల్లీ అంతా విన్నది. సత్తెమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

ఈ ఏడు మా సంఘానికి నలభై ఏళ్ళు నిండాయి. వార్షికోత్సవం మొదటి ఆదివారమే వచ్చింది. కమిటీలో మాట్లాడుకుంటుంటే లేచి నిలబడ్డాను. మా బాపుకు సన్మానం చేయాలన్నాను. సంఘ పెద్ద కృపాకర్ గారు మామూలుగా దేనికీ ఒప్పుకోరు. దీనికి మాత్రం వెంటనే తలూపారు. ఫ్లెక్సీ నేనే రాయించాను. లైన్‌మన్ డ్రెస్సులో బాపు పెద్ద ఫోటో, కింద "నిస్వార్థ సేవకుడు, తగ్గింపుకు మారుపేరు" అని ఎర్రటి అక్షరాలు. శాలువా కొనడానికి నేనే వెళ్ళాను, నెమలిపింఛం రంగుది. బాపుకు ఒక్క ముక్క చెప్పలేదు. ఫ్లెక్సీ గోడకు కట్టి, ఆయన్ని ముందుకు పిలిచేదాకా దాని మీద దుప్పటి కప్పి ఉంచాం.

ఆ ఆదివారం హాలు నిండి, బయట టెంటు కూడా నిండింది. టెంటుకు మైకు హారన్లు రెండు కట్టారు. వంటకు ఒకవైపు, చాయ్‌కు ఒకవైపు పొయ్యిలు పెట్టారు. పాటలయ్యాక, బల్లకు ముందు, అయ్యగారు బాపును పేరుపెట్టి పిలిచారు. దుప్పటి లాగారు. చప్పట్లు మోగాయి. కృపాకర్ గారు శాలువా కప్పారు. నేను ఫోన్లో వీడియో తీస్తున్నాను.

బాపు ఫ్లెక్సీ వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. ఏదైనా రెండు మాటలు చెప్పమని అయ్యగారు మైకు ఇచ్చారు.

"అయ్యగారికి, సంఘానికి వందనాలు," అన్నాడు. తర్వాత శాలువా తీశాడు. నాలుగు మడతలు పెట్టి ప్రసంగ పీఠం మీద పెట్టాడు. "ఇది నాది గాదు."

తగ్గింపే అనుకుని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఫోను చేతిలో పట్టుకునే నేనూ కొట్టాను.

"కొట్టకుండ్రి," అన్నాడు బాపు. "నేను చెప్పుల సేవ చేయలె. గుడ్డ తీస్తరని భయపడి బయటికి ఉరికిన. పదకొండేండ్లు ఉరికిన. మీరు దాన్ని తగ్గింపు అన్నరు, నేను కాదనలె. అది ఇంకో పాపం."

నా ఫోను ఇంకా తీస్తూనే ఉంది.

"బీరయ్య చెయ్యి పోయింది నా వల్ల. ఆయన కిందికి దిగలె. మనిషి దిగి, నా ముందర నిలబడి 'దిగిన' అని చెప్పినంకనే స్విచ్ ఏయాలె. అది మా పనిల మొదటి పాఠం. రేపు బోనాలు, కరెంటు ఏదని జనం లొల్లి. నేను తల ఎత్తి సుత చూడలె, ఏసేసిన. ఎంక్వైరీల ఏం రాసిన? దిగినంక చెప్పకుంట మళ్ళ ఎక్కిండని రాసిన. దస్కత్ పెట్టిన. గది పచ్చి అబద్ధం. గా దస్కత్ పెట్టిన చేతితోని రొట్టె ఎట్ల ముట్టాలె? గందుకే బయట కూసున్న."

మైకు ప్రసంగ పీఠం మీద పెట్టి, చాపల మధ్య నుంచి నడిచి బయటికి వెళ్ళిపోయాడు.

మొదట కోపమొచ్చింది, దాచను. ఇంతమందిలో, నా ఫ్లెక్సీ ముందు, నా పరువు తీశాడని. ఆ వెనకే నల్లా దగ్గర సత్తెమ్మ మొహం గుర్తొచ్చింది. సగం నిండిన బిందె గుర్తొచ్చింది. నేను లేచి బాపు వెనక పరుగెత్తాను.

బయట చాయ్ పొయ్యి దగ్గర బీరయ్య నిలబడి ఉన్నాడు. వార్షికోత్సవానికి పాలు ఆయన దగ్గరే చెప్పారు, క్యాన్లు దింపించడానికి తానే వచ్చాడు. చొక్కా కుడి చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. హారను సరిగ్గా ఆయన తల మీదే ఉంది. చాయ్ చేసేవాడు గరిటె ఆపేసి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఇన్నవా?" అన్నాడు బాపు.

"మైకుల చెప్తివి గద. ఛత్రినాక దాక ఇనవడ్డది."

"రేపు ఆఫీసుకు పోత. ఉన్నదున్నట్టు రాసిస్త."

"పెన్షన్ ఆపుతరేమో."

"ఆపనీ."

బీరయ్య పాల క్యాను మీద కూర్చున్నాడు. కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు. "మా నాయిన గూడ నా మాట నమ్మలె, ప్రకాశం. తాగి ఎక్కినవేమోరా అన్నడు. సచ్చేదాక గట్లనే అనుకున్నడు. దానికేం చేస్తవ్?"

బాపు ఒక అడుగు ముందుకు వేశాడు.

"మాఫీ గిట్ల అడగకు. నా తాన లేదు ఇప్పుడు."

"అడుగుత లేను," అన్నాడు బాపు.

నేనే నోరు తెరిచాను. "బీరన్నా, నేను గూడ సత్తెమ్మక్కను నల్లా కాడ..."

"నీ సంగతి ఆమెతోనే చూస్కో బిడ్డా. ఊకోదు ఆమె. ఇన్నేండ్లు దాచి పెట్టుకున్నది నీకోసం."

లోపల నుంచి అయ్యగారి గొంతు వినిపించింది. ఎవరిని వారు పరీక్షించుకోండి, అంటున్నారు. మా బాపు ఏం చేశాడో తెలుసా? వంగి చెప్పులు జత చేయడం మొదలుపెట్టాడు. అలవాటు. చేతులు వాటంతట అవే వెళ్ళిపోయాయి.

బీరయ్య గభాల్న లేచాడు. ఇప్పుడొచ్చింది కోపం. "ఏయ్, ఏం జేస్తున్నవ్? మళ్ళ గదే పనా? నువ్వీడ చెప్పులు సదురుకుంట కూసుంటే నా చెయ్యి మొలుస్తదా?"

బాపు చేతిలో ఎవరిదో రబ్బరు చెప్పు ఒకటి ఉండిపోయింది.

"నాకు జేసింది నా ముంగటనే చెప్పినవ్. ఆయనకు ఏం చెప్పేదున్నదో లోపటికి పోయి చెప్పు. నీ దేవుని సంగతి నాకు తెల్వదు గని, పదకొండేండ్లు గడప బయట కూసున్నోన్ని చూసి ఏ దేవుడైన సంబరపడతడా?" ఎడమచేత్తో ఆ చెప్పు లాక్కున్నాడు. "పో. చెప్పులు నేను చూస్త."

బాపు గడప దాటి లోపలికి అడుగు పెట్టేసరికి కృపాకర్ గారు అడ్డంగా నిలబడ్డారు. ఆయన చెడ్డవారు కాదు. రూలు తప్పితే ఆయనకు అన్నం సహించదు, అంతే. "ప్రకాశమన్నా, ఇట్లాంటిది ఒప్పుకున్నంక పద్ధతి ఉంటది. పెద్దలు కూసోవాలె, మూడు నెల్లు గడవాలె. అన్ని సరిచేసుకొని, అప్పుడు బల్లకు రావాలె. ఇప్పుడే వస్త అంటే ధైర్యమా అది, పొగరా?"

నాకు నోరు లేవబోయింది. బాపు నా భుజం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"నువ్వన్నది రైటే కృపాకరన్నా. కూసోండ్రి, ఏ శిక్షన్న ఏయుండ్రి, తలొంచుకుంట. గని సరిచేసుకొని వస్త, కడుక్కొని వస్త అని పదకొండేండ్లు చూసిన. అయితదా? వందల చెప్పులు తుడిచిన, నాకంటిన మట్టి పోలె. కడిగేటాయన లోపట ఉన్నడు. నేను బయట ఉండి ఏం చేస్త? నా మంచితనం చూపెట్టి పోత లేను. అది లేదని ఇప్పుడే మైకుల చెప్పిన. ఆయన రమ్మన్నడు, పోతున్న."

కృపాకర్ గారు అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు రొట్టె పళ్ళెం దగ్గర నిలబడి, తెల్లగుడ్డ చేతిలో పట్టుకుని ఉన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాదీ తప్పుంది," అన్నారు మెల్లగా. "పరీక్షించుకోండి అని ప్రతి నెలా చెప్పాను. పరీక్షించుకుని రండి అని గట్టిగా చెప్పలేదు. లేచి వెళ్ళిన మనిషిని వెతుక్కుంటూ ఒక్కసారి కూడా బయటికి రాలేదు. పైగా ప్రసంగంలో పొగిడాను." గుడ్డ పక్కన పెట్టారు. "ఈ బల్ల నాది కాదు కృపాకర్ గారూ, మీదీ కాదు. పిలిచినవాడు వేరే. ప్రకాశమన్నా, రండి."

కృపాకర్ గారు పక్కకు జరిగారు.

గడప నుంచి బల్ల దాకా ఇరవై అడుగులుంటుంది. మా బాపు వంగిపోయి నడుస్తాడనుకున్నాను. అలా నడవలేదు. స్తంభం ఎక్కే ముందు ఒక్కసారి తల ఎత్తి పైదాకా చూడడం ఆయన అలవాటు. ఒక్క బోనాల ముందు రోజే చూడలేదు. ఇప్పుడు చూశాడు. తల ఎత్తే నడిచాడు, సొంత ఇంటికి వచ్చిన మనిషిలా. రెండు అరచేతులూ కలిపి చాపాడు. దస్కత్ పెట్టిన కుడిచెయ్యి పైనే ఉంది. దాన్ని దాచలేదు. అయ్యగారు అందులోనే రొట్టె పెట్టారు. చిన్న ముక్కే, కానీ నమిలి మింగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆయన వెనక నేను వెళ్ళాను. ప్రతి నెలా నేను బల్లకు దర్జాగానే వెళ్ళేదాన్ని, ఏ పాపం ఎరగనిదానిలా. ఆ రోజు మొదటిసారి సత్తెమ్మ సంగతి కడుపులో పెట్టుకుని, పాపమున్నదానిలా వెళ్ళాను. అయినా దర్జా తగ్గలేదు. ఇంకా పెరిగింది. అదెలాగో నాకు చెప్పడం రాదు.

బయటికొచ్చేసరికి చెప్పులు సగం సర్ది ఉన్నాయి, వంకరటింకరగా, కొన్ని జతలు తప్పుగా. ఒంటి చేతి పని. బీరయ్య ఖాళీ క్యాన్లు తీసుకుని వెళ్ళిపోయాడు. మా బాపు ఆ చెప్పుల్ని ముట్టుకోలేదు. సంఘమంతా తమ చెప్పులు తామే వెతుక్కుంది.

సాయంత్రం సత్తెమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. బీరయ్య చెప్పింది నిజమే, ఆమె ఊకోలేదు. గంటసేపు తిట్టింది. పాత తిట్లు, కొత్త తిట్లు, నా ఉద్యోగం మీద కూడా కొన్ని. సిటీ బస్సు కండక్టర్‌ని, నేనే నోరు మూసుకుని విన్నాను. ఆఖరున, "నిలబడ్డవ్ గదా, నీళ్ళు తాగి పో," అంది.

సోమవారం పొద్దున నా డ్యూటీ. ఉప్పుగూడ స్టాపులో బాపు ఎక్కాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాల కవరు. ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన వెనకే బీరయ్య ఎక్కాడు. మా బాపు పక్క సీటు ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చోలేదు. వెనక్కి వెళ్ళి ఆఖరు సీట్లో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే ఆఫీసుకు వెళుతున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. నేను ఇద్దరికీ టికెట్లు కొట్టి ఇచ్చాను.

ఛత్రినాకలో ఎక్కిన ఒకావిడ, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంటూ నా చెవి దగ్గరికి వంగింది. "అక్కా, నిన్న చర్చిల ఎవరో ముసలాయన మైకు పట్టుకొని తన తప్పులన్ని చెప్పుకున్నడంట గదా? మళ్ళ సిగ్గులేకుంట ముందటికి పోయి రొట్టె గూడ తిన్నడంట. ఎవరో ఏమో, మీ గల్లీ ఆయనే అంటున్నరు."

నేను టికెట్ల మిషను చంకలో పెట్టుకున్నాను. ముందు తలుపు నుంచి వెనక ఫుట్‌బోర్డు దాకా వినపడేలా చెప్పాను.

"ఎవరో కాదు. మా బాపు! పేరు ప్రకాశం. గదిగో, ముందర సీట్ల కూసున్నడు, మంచిగ చూడు."

బస్సంతా తిరిగి చూసింది. బాపు చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, "ఊకో బిడ్డా, ఏంది గది," అన్నాడు.

ఆఖరు సీటు నుంచి బీరయ్య అన్నాడు, కిటికీలోంచి బయటికే చూస్తూ:

"చెప్పనీ, ప్రకాశం. ఆమెను చెప్పనీ."